బసవపున్నయ్య రేవులో చల్లనీళ్ళు

ఇడ్లీ తిన్న పళ్ళెం కడిగి బోర్లించి, పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, తలుపు వెనక నుంచి వెదురు గాలం తీసుకుని బసవపున్నయ్య రోజూ పొద్దున్నే బయల్దేరతాడు. ఒక చేతిలో గాలం, రెండో చేతిలో బతికున్న రొయ్యలు వేసిన చిన్న బకెట్టు. అరుగు మీద పేపరు చదువుకునే మనిషి ఆయన్ని చూసి తల పేపర్లోకి దించుకుంటాడు. పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు మాటలాపి, ఆయన దాటిపోయాక మళ్ళీ మొదలుపెడతారు. ఆయన మీద ఎవరికీ కోపం లేదు. గాలం పట్టుకుని వెళ్ళే మనిషిని ఎక్కడికని అడగకూడదు, అంతే. అడిగారంటే ఆ మనిషి వెనక్కి రావాలి, కాసేపు కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, అప్పుడు మళ్ళీ బయల్దేరాలి. లేకపోతే వెళ్ళిన పని కాదు. ఎందుకొచ్చిన తంటా అని అందరూ చూసీ చూడనట్టు ఊరుకుంటారు. చెరుకుపల్లి నుంచి రేపల్లె దాకా ఏ ఊళ్ళో అయినా ఇదే మర్యాద.

ఊరి చివర వంతెన, వంతెన కింద పెద్ద మురుగు కాలువ. పేరు మురుగు కాలువే గానీ అందులోవి వరి పొలాల్లోంచి దిగిన మంచినీళ్ళు. అవి అలా దిగువకి పోయి నిజాంపట్నం వైపు సముద్రంలో కలుస్తాయి. ఆ దారినే పండుగప్ప ఎదురెక్కి వస్తుంది. వెండి పొలుసు, గూని వీపు, ఇంత పెద్ద నోరు. చలికాలమంతా అడుగున బద్ధకంగా పడుంటుంది, ముక్కు ముందు రొయ్యని వేలాడదీసినా నోరు తెరవదు. ఫాల్గుణం ఎండలకి నీళ్ళు వెచ్చబడితేనే దానికి ఆకలి లేస్తుంది. అప్పుడు వంతెన కింద టప్పు టప్పుమని చప్పుళ్ళు మొదలవుతాయి, ఆ చప్పుళ్ళకి చుట్టుపక్కల గాలాలవాళ్ళంతా గట్టు మీదికి చేరతారు.

గట్టు మీద అందరి నీళ్ళూ వెచ్చబడతాయి. బసవపున్నయ్య రేవులో మాత్రం వెచ్చబడవు.

మూడేళ్ళ కిందట ఆయన భార్య రాజ్యలక్ష్మి పోయింది. పిల్లలు లేరు. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన తన మామూలు చోటుకొచ్చి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని పొద్దుగూకే దాకా కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ అక్కడ నాలుగు మంచాలు వేసేంత మేర నీళ్ళు చల్లబడిపోయాయి. రోహిణి కార్తెలో కాలు పెట్టినా ఝిల్లుమంటుంది. ఎందుకిలా అయిందని ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు గానీ, దాన్నెలా వాడుకోవాలో మాత్రం వారం తిరక్కుండానే కనిపెట్టారు. పుచ్చకాయలు వలలో కట్టి దింపారు. పెళ్ళివాళ్ళు కొబ్బరిబొండాలు దింపారు. కరెంటు పోయినప్పుడు పశువుల డాక్టరు మందు సీసాలు సంచిలో పెట్టి అక్కడే ముంచుతాడు. వీటన్నిటి మధ్యా గాలం వేసుకుని కూర్చునే బసవపున్నయ్యని ఎవరూ పలకరించరు. పెద్దాయన బాధలో ఉన్నాడు, కదిలించకూడదు అంటారు. మనసుకి మంచిదిగా తోచే మాటే. పుచ్చకాయలకి కూడా మంచిదే.

ఆ చల్లదనం మీద అందరికంటే ఎక్కువ ఆధారపడ్డది లక్ష్మీతిరుపతమ్మ. ఆమెది నిజాంపట్నం వైపు, సముద్రం మీద బతికే ఇంటి ఆడపిల్ల. భర్త పోయాక ఈ ఊరొచ్చి వంతెన మొదట్లో మజ్జిగ, నిమ్మసోడా బండి పెట్టుకుంది. కూతురు దీప్తి బాపట్లలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. లక్ష్మీతిరుపతమ్మ మజ్జిగ కుండలు, సోడా సీసాలు తెల్లారగానే బసవపున్నయ్య రేవులో దింపుతుంది. రేపల్లె బస్సు వంతెన దగ్గర ఆగితే జనం దిగి ఆమె మజ్జిగ తాగి ఎక్కుతారు. ఫ్రిజ్జులో పెట్టిన దానికి ఆ రుచి రాదని డ్రైవర్లు చెప్పుకుంటారు. ఆ మజ్జిగతోనే దీప్తి చదువు సాగుతోంది.

రోజూ మధ్యాహ్నం ఆమె ఒక గ్లాసు మజ్జిగ తీసుకెళ్ళి ఆయనకిచ్చేది. అద్దె అనుకోండి, దయ అనుకోండి. ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం గ్లాసు అందుకుంటూ ఆయన మాట్లాడాడు. మామూలుగా మాట్లాడడు.

"మీ పిన్ని గడుసుదమ్మా. నేను గాలం పట్టుకుని గడప దాటగానే వెనక నుంచి కావాలనే అడిగేది, ఎక్కడికండీ అని."

"అయ్యో, అడగకూడదుగా బాబాయ్."

"అదే కదా. అడిగాక ఏం చేస్తాను? వెనక్కొచ్చి కూర్చునేవాణ్ణి. మంచినీళ్ళు ఇచ్చేది. నీళ్ళతో పోయేదా, కాఫీ వచ్చేది. కాఫీతో పాటు ఊళ్ళో కబుర్లన్నీ వచ్చేవి. పొద్దెక్కిపోతోందే, చేపలు పడవే అంటే, పడకపోతే పోయాయి లెండి, కాసేపు కూర్చోండి అనేది. తర్వాత తనూ బయల్దేరి వచ్చి ఇదిగో, ఇక్కడే కూర్చునేది. నీ మాటలకి చేపలు పారిపోతాయే అని విసుక్కునేవాణ్ణి."

"మరి పడేవా?"

"పడేవమ్మా. అదే విచిత్రం."

ఆయన గాలం తాడుకి కట్టిన బెండు వంక చూశాడు. నీళ్ళ మీద అది మేకు కొట్టినట్టు నిలబడి ఉంది.

"ముప్పయ్యేళ్ళు రేపల్లె డిపోలో కండక్టరుగా చేశాను. బస్సెక్కిన ప్రతి మనిషినీ అడిగాను, ఎక్కడికి, ఎక్కడికి అని. తెనాలి సంతకి పోయేవాళ్ళని, దుగ్గిరాలకి పసుపు బస్తాలతో పోయేవాళ్ళని, ఆస్పత్రికి పోయేవాళ్ళని. మీ పిన్ని పోయినకాడ్నుంచి నన్నొక్కరు అడగలేదు. అందరూ నా మంచికే ఊరుకుంటున్నారు. మంచీ లేదు, చేపా లేదు."

లక్ష్మీతిరుపతమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని గట్టెక్కింది. ఆమెకి విషయం అర్థమైపోయింది. ఎవరైనా అడిగితే ఆ నీళ్ళు వెచ్చబడతాయి. అర్థం కాకపోయి ఉంటే బాగుండునని కూడా అనిపించింది. అడగటానికి తనకి నోరుంది. కానీ అడిగిన రోజున తన మజ్జిగ అందరి మజ్జిగే అవుతుంది. ఎండలు ముదిరే కాలం, అమ్మకాలు బాగుండే కాలం. ఈ ఎండాకాలం గడవనీ, వానలు పడ్డాక అడుగుదాం అని తనకి తాను నచ్చజెప్పుకుంది. ఆ సాయంత్రం దీప్తి ఫోన్ చేస్తే మామూలుగా మాట్లాడలేకపోయింది. తలనొప్పని చెప్పింది.

వంతెనకి అవతలి పక్క కృపారావు కూర్చుంటాడు. సబ్‌స్టేషన్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆన్‌లైన్లో తెప్పించిన ఫైబరు గాలం, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, తలకి టోపీ. ఆయన వైపు నీళ్ళు ఎండకి గోరువెచ్చగా ఉంటాయి. రోజుకో పండుగప్ప అయినా పడుతుంది, దాన్ని బండి దగ్గరికి తెచ్చి చూపించకుండా ఇంటికి పోడు. అలా వచ్చినప్పుడే ఒకరోజు గొంతు తగ్గించి అన్నాడు.

"మా బసవయ్య కాళ్ళు చూశావా అమ్మా? సున్నం కొట్టినట్టున్నాయి. నీళ్ళలోంచి కాసేపు తియ్యి అన్నాయ్ అన్నాను. నీళ్ళలో ఉన్నాయా అని నన్నే అడిగాడు."

"మీరు స్నేహితులు కదండీ. కాస్త పక్కన కూర్చోరాదా?"

కృపారావు టోపీ తీసి తల గోక్కున్నాడు. "కూర్చుంటే నా గాలానికీ చేప పడదమ్మా. ఈ రెండు నెలలేగా సీజను."

ఆయన్ని ఏమన్నా అనటానికి ఆమెకి మొహం లేదు.

ఉగాది వచ్చింది. ఎండలు మండిపోతున్నాయి, రేవులో నీళ్ళు మాత్రం ఇంకా చల్లబడుతున్నాయి. పండగ మర్నాడు తుంగ మొదళ్ళ దగ్గర అద్దంలా పలచగా మంచు పేరుకుంది. ఊరంతా వచ్చి చూసి సంతోషపడింది. శ్రీరామనవమి పందిరి పెద్ద రవిశంకర్ అక్కడికక్కడే నిర్ణయం చేశాడు, ఈసారి పానకం బిందెలన్నీ ఇక్కడే దింపాలని. చెరుకుపల్లి పందిరిలో కూడా ఇంత చల్లటి పానకం ఉండదని చేతులు రుద్దుకున్నాడు. వాళ్ళంతా మాట్లాడుకుంటుంటే బసవపున్నయ్య బెండు వంకే చూస్తూ కూర్చున్నాడు. బెండు చుట్టూ కూడా మంచు కట్టి ఉంది.

ఆ మధ్యాహ్నం మజ్జిగిస్తుంటే ఆయన వేళ్ళు ఆమె వేళ్ళకి తగిలాయి. లక్ష్మీతిరుపతమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. సముద్రం నుంచి చేపల పెట్టెలు దించే ఇంట్లో పుట్టిన మనిషి, ఐసులో చేతులు పెట్టి పెరిగిన మనిషి. ఆ వేళ్ళు ఐసు పెట్టెలో చేపల్లా ఉన్నాయి.

"చలేస్తోందా బాబాయ్?"

"ఊ?" అన్నాడాయన. కాసేపటికి, "లేదమ్మా, ఏమీ అనిపించట్లేదు," అన్నాడు.

ఆమె భయపడింది. ఈయన వానల దాకా ఉండడని ఆ క్షణాన తెలిసిపోయింది. అయినా మర్నాడు అడగలేదు. ఆ తర్వాత రోజూ అడగలేదు. ప్రతి పొద్దునా ఆయన గాలంతో బండి ముందు నుంచి వెళుతుంటే మాట గొంతు దాకా వచ్చేది, కుండల వంక చూసి మింగేసేది. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యంతోనే మజ్జిగ చిలికింది, అమ్మింది.

నవమి పొద్దున రవిశంకర్ మనుషులు బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం బిందెలు మోసుకొచ్చి రేవులో దింపారు. వంతెన మీద మైకు పాడుతోంది. పందిరి పనుల్లో ఉన్నవాళ్ళంతా అక్కడే తిరుగుతున్నారు. ఆ సందట్లో బసవపున్నయ్య గాలంతో వచ్చాడు. నవమి నాడు గాలమేంటని మనసులో అనుకున్నవాళ్ళు ఉన్నారేమో, పైకెవరూ అనలేదు. రోజూలాగే పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆయన నడక చూస్తే కాళ్ళు ఎవరివో అన్నట్టుంది.

బండి దాటి నాలుగడుగులు వేశాడు.

"ఎక్కడికి బాబాయ్?" అంది లక్ష్మీతిరుపతమ్మ.

తోరణాలు కడుతున్నవాళ్ళ చేతులాగిపోయాయి. కృపారావు టోపీ తీశాడు. బసవపున్నయ్య అలాగే నిలబడ్డాడు, కాసేపటికి వెనక్కి తిరిగాడు.

"నన్నేనా అమ్మా?"

"నిన్నే. ఎక్కడికి వెళ్తున్నావు?"

ఆయన గాలం వంతెన గోడకి ఆనించాడు. బకెట్టు కింద పెట్టాడు. ఆమె అప్పటికే బండి కింద నుంచి స్టూలు లాగి, కొంగుతో తుడిచింది. ఆయన కూర్చున్నాడు. తను తాగటానికి ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోంచి గ్లాసులో మంచినీళ్ళు పోసి ఇచ్చింది. రేవులో ముంచిన నీళ్ళు కావవి, మామూలు నీళ్ళు. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తాగాడు.

"చేపకమ్మా," అన్నాడు తాగటం అయ్యాక. "చేపకి వెళ్తున్నాను."

"వెళ్దువుగానీలే. పడకపోతే పోయాయి. కాసేపు కూర్చో."

అంతే. ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. అంతమందిలో, మైకు పాడుతుండగా, సిగ్గు పడకుండా ఏడ్చాడు. ఆమె పక్కన నిలబడింది. ఏడుపు తగ్గాక ఆయన మాటల్లో పడ్డాడు. రాజ్యలక్ష్మి వంకాయ కూరలో చింతపండు ఎక్కువేసేదని చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె తన బస్సే ఎక్కితే, ఎక్కడికండీ అని అడిగి టికెట్టు కొట్టానని, దానికి ఇంటికెళ్ళాక ఆమె రెండు రోజులు మాట్లాడలేదని చెప్పాడు. చెబుతూ నవ్వాడు.

రేవులోంచి కేక వినపడింది. "రవన్నా, బిందెలు చల్లగా లేవు."

రవిశంకర్ గబగబా దిగి చెయ్యి పెట్టి చూశాడు. తుంగ మొదళ్ళలో మంచు కరిగిపోయింది. నీళ్ళు వెచ్చబడుతున్నాయి. పైకొచ్చి లక్ష్మీతిరుపతమ్మ ముందు నిలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది, పండగ పూట?"

"పెద్దాయనకి మంచినీళ్ళిచ్చానండి," అందామె.

రవిశంకర్ ఏదో అనబోయి, స్టూలు మీద కూర్చున్న ముసలాయన మొహం చూశాడు. ఆ మొహం మీదకి రంగు వచ్చింది. బిందెలు పైకి లాగమని మనుషులకి చెప్పాడు. ఆ ఏడు ఊళ్ళో అందరూ వెచ్చటి పానకమే తాగారు. గొణిగినవాళ్ళు గొణిగారు, రెండో గ్లాసు అడిగినవాళ్ళు అడిగారు.

పొద్దు బాగా ఎక్కాక బసవపున్నయ్య రేవులోకి దిగాడు. నీళ్ళలో కాళ్ళు పెట్టి ఉలిక్కిపడి తీశాడు, మళ్ళీ పెట్టాడు. "వెచ్చగా ఉన్నాయే," అన్నాడు, పక్కనెవరో ఉన్నట్టు. రొయ్యని గుచ్చి గాలం వేశాడు. బెండు ఒకసారి వణికింది. అది మునగటం ఆయన చూడనే లేదు, టప్పుమని చప్పుడైంది, వెదురు విల్లులా వంగింది. కృపారావు అవతలి గట్టు నుంచి తన ఫైబరు గాలం పారేసి పరుగెత్తుకొచ్చాడు. లాగొద్దు అన్నాయ్, వదులు, ఇప్పుడు లాగు అని అరుస్తూ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగిపోయాడు. చేప రెండుసార్లు గాల్లోకి లేచింది, వెండి పళ్ళెం విసిరినట్టు మెరిసింది. చివరికి ఇద్దరూ కలిసి గట్టుకి చేర్చారు. బసవపున్నయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నవమి నాడు నువ్వు తినవుగా, నాకిచ్చెయ్," అన్నాడు కృపారావు. "నాకు నవమి లేదు."

"పట్టుకెళ్ళు. తలకాయ పులుసు మాత్రం రేపు నాకు రావాలి."

"రేపు నువ్వే మా ఇంటికి రా. మా ఆవిడ ఎప్పట్నుంచో పిలవమంటోంది. నేనే పిలవలేదు," అన్నాడు కృపారావు, చేప వంక చూస్తూ.

మర్నాడు రేపల్లె బస్సు ఆగింది. ఇద్దరు ముగ్గురు మజ్జిగ తాగి, మొహాలు చూసుకుని, సగం గ్లాసులు అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. ఆ మర్నాడు అసలు ఎవరూ దిగలేదు. లక్ష్మీతిరుపతమ్మ కుండల పక్కన కూర్చుంది. బాధ లేదంటే అబద్ధం. అడిగినందుకు పశ్చాత్తాపం ఉందా అంటే, అదీ లేదు. దీప్తికి ఏం చెప్పాలా అని మాత్రం ఆలోచిస్తోంది.

మూడో రోజు పొద్దున బసవపున్నయ్య వచ్చాడు. చేతిలో గాలం లేదు, మడత పెట్టిన గోనెసంచి ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బండి ముందు నుంచి వెళ్తూ నడక నెమ్మది చేశాడు.

"ఎక్కడికి బాబాయ్?"

వెంటనే వెనక్కొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. అప్పుడు చెప్పాడు.

"రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ ఉందమ్మా, మా డిపో వెనకే. ఊక పోసి గోనెలో చుడితే దిమ్మ ఇక్కడి దాకా కరగదు. వెళ్ళి తెస్తాను. రోజూ తెస్తాను, నాకేం పని."

"అంత బరువు నువ్వు మొయ్యటం ఏంటి?"

"బస్సు మోస్తుంది," అన్నాడు. ఆమె నవ్వి సీసా నింపి సంచిలో పెట్టింది. దారిలో దాహమేస్తుందని.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరు సాయి ప్రియ అని కొత్తగా చేరిన పిల్ల, ఆయనెవరో ఆ పిల్లకి తెలీదు. చొక్కా జేబులో రిటైరయినవాళ్ళకిచ్చే పాసు ఉంది. పాసు చూపిస్తే కండక్టరు తలూపి ముందుకెళ్ళిపోతుంది, ఏమీ అడగదు. ఆ సంగతి ముప్పయ్యేళ్ళు ఆ పని చేసిన ఆయనకి బాగా తెలుసు. పాసు జేబులోనే ఉంచుకుని కూర్చున్నాడు.

ముందు సీట్లకి టికెట్లు కొట్టుకుంటూ వచ్చి సాయి ప్రియ ఆయన దగ్గర ఆగింది.

"ఎక్కడికండీ?"

బసవపున్నయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు కాబట్టి మళ్ళీ కూర్చోవలసిన అవసరం లేదు. సంచిలోంచి సీసా తీసి, మూత తిప్పి, ఒక గుక్క తాగాడు. ఎండకి నీళ్ళు వెచ్చబడి ఉన్నాయి.

"బాబాయ్ గారూ, ఎక్కడికి?" అని ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది.

ఆయన ఇంకో గుక్క తాగి, నిదానంగా మూత పెట్టాడు.

"రేపల్లెమ్మా," అన్నాడు.